మొదటివాడి తర్వాత ఎవరు?

మేం చదువుకునే రోజుల్లో జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఒక బిట్ ప్రశ్న ఉండేది. భారత వైమానిక దళానికి అధిపతి అయిన మొదటి ముస్లిం ఎవరు? జవాబు: ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్. ఒక మార్కు. ఆ మార్కు మాకెప్పుడూ పోయేది కాదు. మిగతా పిల్లలు తడుముకునే చోట మేం టక్కున చెప్పేవాళ్ళం. చెప్పి కొంచెం నిటారుగా కూచునేవాళ్ళం. భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ అయిన మర్నాడు అదే బెంచీ మీద తలొంచుకుని కూచునేదీ మేమే. ఎవరు గెలిచినా అందరి చూపులూ మా ముఖాలమీదే ఉండేవి. ఆ చూపులకు సమాధానంగా మా దగ్గరున్నది ఆ ఒక్క మార్కు పేరే.

ఇప్పుడు తిరిగి చూసుకుంటే ఆ ప్రశ్నలోని 'మొదటి' అనే మాట దగ్గర ఆగిపోతున్నాం. మొదటివాడు అన్నామంటే రెండోవాడు ఒకడు రావాలి. లతీఫ్ సాబ్ 1978 సెప్టెంబరు 1న వైమానిక దళం పగ్గాలు తీసుకున్నారు. 1981 ఆగస్టు 31న దిగిపోయారు. ఆ తర్వాత వైమానిక దళంలో గానీ, సైన్యంలో గానీ, నౌకాదళంలో గానీ ఆ స్థానానికి ఇంకో ముస్లిం రాలేదు. మొదటివాడే చివరివాడుగా మిగిలిపోయాడు. ఆ పేరు చెప్పుకుని గర్వపడటం మేం నేర్చుకున్నాం. ఆ పేరు ఒంటరిగా ఎందుకు నిలబడిపోయిందో అడగటం మాత్రం నేర్చుకోలేదు. ఈ వ్యాసం ఆ అడగటం కోసమే.

హైదరాబాదుకీ విమానాలకీ సంబంధం పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ కి విమానాలు కొనిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. దాని పేరులోనే హైదరాబాదు చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాదు పేరుతోనే ఎగిరింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. దాని నినాదం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. బ్రిటిష్ వాళ్ళు నిజాముకిచ్చిన బిరుదు కూడా అదే. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? తెలంగాణ రైతు కట్టిన శిస్తునుంచి వచ్చింది. ఆ రైతుల్లో హిందువులున్నారు, ముస్లింలున్నారు. వాళ్ళలో ఎవరూ విమానం ఎక్కలేదు. పైన చప్పుడైతే నాగలి ఆపి తలెత్తి చూసుంటారు, అంతే. నిజాం విశ్వాసం బ్రిటిష్ వాడిమీద. దానికి మూల్యం కట్టింది అందరూ. ఆ నిజాం మా ముస్లింలందరి రాజు అన్నట్టుగా, ఆయన లెక్కలన్నీ మేమే తీర్చాలన్నట్టుగా ఈనాటికీ మాట్లాడేవాళ్ళున్నారు. ఆ లెక్కల్లో మా తాతల పేర్లు శిస్తు కట్టినవాళ్ళ వైపే ఉన్నాయని ముందుగా చెప్పుకుంటున్నాం.

లతీఫ్ సాబ్ 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. చదువూ హోదా ఉన్న కుటుంబం. దాచాల్సిన పనిలేదు, ఆయన మా గల్లీ మనిషి కాదు. పద్దెనిమిదేళ్ళకే వైమానిక దళంలో చేరి 1942లో ఆఫీసరయ్యారు. కరాచీలో సముద్ర తీరాన్ని కాపలాకాసే పాతకాలపు విమానాలు నడిపారు. ఇంగ్లండు పంపితే అక్కడ హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నేర్చుకున్నారు. తిరిగొచ్చి బర్మా రంగంలో జపాను సేనలతో పోరాడారు. ఆ రోజుల్లో ఆయనకు ఇద్దరు స్నేహితులు, అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. ముగ్గురూ కుర్రవాళ్ళే. ఒకే యూనిఫాం, ఒకే మెస్సు.

1947 వచ్చింది. దేశంతో పాటు వైమానిక దళాన్నీ పంచారు. స్క్వాడ్రన్లు పంచారు, విమానాలు పంచారు, స్పేర్ పార్టులు పంచారు. మనుషుల్ని మాత్రం మీరే తేల్చుకోండన్నారు. ముస్లిం ఆఫీసరు ఎటు పోతాడో తనే రాసివ్వాలి. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ అటు వెళ్ళారు. లతీఫ్ కి కబురు చేసి నువ్వూ రా అన్నారు. కొత్త దళం, ఆఫీసర్లు తక్కువ, పైకెదగడానికి ఎంతైనా చోటుంది. లతీఫ్ రానన్నారు. తన లెక్కలో మతం వేరు, దేశం వేరని చెప్పారు.

వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు. అస్గర్ ఖాన్ 1957లో, ఇంకా నలభై నిండకుండానే పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయ్యారు. 1965లో ఆయన నుంచి నూర్ ఖాన్ ఆ పగ్గాలు అందుకున్నారు. కొద్ది వారాలకే యుద్ధం వచ్చింది. ఇవతల మన దళానికి అధిపతి అర్జన్ సింగ్. ఆయన పుట్టిన లయల్‌పూర్ అవతలుంది. అస్గర్ ఖాన్ పుట్టిన జమ్మూ ఇవతలుంది. అదే ఏడాది కచ్ గొడవ జరిగినప్పుడు అస్గర్ ఖాన్ ఫోన్ చేస్తే, ఈ తగాదాలోకి విమానాలు దించొద్దని ఆ పాత సహోద్యోగులిద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. దేశాలు విడిపోయినా మెస్సులో కలిసి తిన్న అన్నం కొన్నాళ్ళు పనిచేసిందన్నమాట.

లతీఫ్ కి ఆ అవకాశం చాలా ఆలస్యంగా వచ్చింది. అటు వెళ్ళుంటే ఇంకా ముందే వచ్చుండేదేమో. ఆయన దాన్ని వదులుకున్నారు. బ్రిగేడియర్ ఉస్మాన్ కూడా అలాగే వదులుకుని, 1948 జూలైలో కశ్మీరులో నౌషేరా దగ్గర ఈ దేశం కోసం ప్రాణమిచ్చారు.

ఇక్కడ మేం ఒక మాట చెప్పాలి. లతీఫ్ సాబ్ ని అడిగారు, ఉస్మాన్ ని అడిగారు. ఎంచుకునే అవకాశం ఇచ్చి అడిగారు. మా తాతల్ని ఎవరూ అడగలేదు. గుంటూరు జిల్లాలో దూది ఏకే దూదేకుల సాయిబుకి ఎవరూ కబురు చేయలేదు. కర్నూల్లో జట్కా తోలేవాడికి, నల్లగొండలో బట్టలు కుట్టేవాడికి ఎవరూ ఫారం ఇవ్వలేదు. వాళ్ళకి పాకిస్తాన్ ఏ దిక్కున ఉందో తెలీదు. వాళ్ళ ఊరే వాళ్ళ దేశం. దర్గా, పీర్లచావిడి, చెరువు, సంత, అప్పిచ్చిన షావుకారు, అంతా అక్కడే. ఎంచుకోవడమనేది తెలీకుండానే వాళ్ళు ఇక్కడున్నారు, వేపచెట్టు ఉన్నట్టు. అలాంటివాళ్ళ మనవల్ని పట్టుకుని 'మీ తాత ఇండియాని ఎందుకు ఎంచుకున్నాడు?' అని అడిగితే మేం ఏం చెప్పాలి? వేపచెట్టుని అడిగారా ఎవరైనా? లతీఫ్ సాబ్ ఎంపిక గొప్పది. కానీ ఆ ఎంపికను దేశంలోని ముస్లింలందరికీ పరీక్షపేపరుగా పంచిపెట్టడం గొప్పపని కాదు.

1948 సెప్టెంబరు. పోలీసు యాక్షన్. సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు మా ఆకాశంలో ఎగిరాయి. 13న మొదలై అయిదు రోజుల్లో అయిపోయింది. రజాకార్లు చేసిన దుర్మార్గాలు మేం కప్పిపుచ్చం. వాళ్ళ తుపాకుల కింద నలిగిన పల్లెలు తెలంగాణలో ఇంకా గుర్తుపెట్టుకున్నాయి. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి వాళ్ళు నిజాంకీ దొరలకీ వ్యతిరేకంగా నిలబడిన సంగతి కూడా గుర్తుండాలి. కానీ రజాకార్లు చేసినదానికి రజాకార్లు కానివాళ్ళు చెల్లించారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఆ తర్వాతి హింసలో చచ్చిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బీరువాలోనే ఉండిపోయింది.

హైదరాబాదులో పుట్టిన లతీఫ్ ఒంటిమీద అప్పుడున్నది ఆ వైమానిక దళం యూనిఫామే. సొంత ఊరు ఇలా ఉన్నప్పుడు ఆ యూనిఫాం ఎంత బరువుగా ఉంటుందో వేసుకున్నవాడికే తెలుస్తుంది. దేశభక్తి అంటే జెండా వందనం రోజు మిఠాయి పంచినంత తేలిక అనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆ యూనిఫాంలో నిలబడి చూడాలి. ఆయన నిలబడ్డారు. దళంలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. 1971 యుద్ధం నాటికి ఢిల్లీలో వైమానిక దళ ప్రణాళికల బాధ్యత ఆయనదే.

ఇక 1978. ఎవరి చేతుల మీదుగా ఈ మార్పు జరిగిందో చూడండి. రాష్ట్రపతి మన అనంతపురం నీలం సంజీవరెడ్డి. ప్రధాని మొరార్జీ దేశాయ్. రక్షణమంత్రి బాబూ జగ్జీవన్ రామ్, దళితుడు. ఆ జనతా మంత్రివర్గంలో జనసంఘం నుంచి వచ్చిన వాజ్‌పేయి, అద్వానీ కూడా ఉన్నారు. మూల్గావ్‌కర్ దిగిపోతే లతీఫ్ ఎక్కారు. దేశ రక్షణ మంత్రి కుర్చీలో ఒక దళితుడు, వైమానిక దళం కుర్చీలో ఒక ముస్లిం. ఆకాశమేమీ ఊడి కిందపడలేదు. సరిహద్దులేమీ జరిగిపోలేదు. సీనియారిటీ, అనుభవం చూసి ఇచ్చిన బాధ్యత అది. ఎవరి జాలీ కాదు, ఎవరి బహుమానమూ కాదు.

ఆయన చేసిన పని కూడా చెప్పుకోవాలి. మనిషిని మతంతోనే కొలవడం అలవాటైపోయి పనిని మర్చిపోతున్నాం. లోతట్టుకి చొచ్చుకుపోయి దెబ్బతీసే విమానం కావాలని వైమానిక దళం ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. ఫైళ్ళు తిరుగుతున్నాయి, విమానం రావట్లేదు. ఆయన హయాంలో అది తేలింది. 1978లో జాగ్వార్ ని ఎంపిక చేశారు, 1979లో మొదటి జాగ్వార్లు దేశంలో దిగాయి. మిగ్-23, మిగ్-25 కూడా ఆయన కాలంలోనే వచ్చాయి. ఆ జాగ్వార్లు నలభై ఏళ్ళు దాటినా దళంలో పనిచేస్తూ వచ్చాయి. ఒక అధిపతి చేసిన పనికి అంతకన్నా రుజువేం కావాలి? దిగిపోయే ముందు ఆయన స్వయంగా మిగ్-25లో ఎగిరి వచ్చారు. తర్వాత మహారాష్ట్ర గవర్నరు, ఫ్రాన్సులో రాయబారి. ఆయన భార్య బిల్కిస్ లతీఫ్, అలీ యావర్ జంగ్ కూతురు. ధారావి మురికివాడలో పేద స్త్రీల మధ్య పనిచేశారు. చివరికి హైదరాబాదే చేరుకుని 2018లో, 94 ఏళ్ళ వయసులో ఇక్కడి మట్టిలోనే కలిశారు లతీఫ్ సాబ్. అదే ఏడాది జనవరిలో అవతల అస్గర్ ఖాన్ పోయారు. నూర్ ఖాన్ అంతకుముందే, 2011లో పోయారు.

అదే 1978లో, లతీఫ్ సాబ్ పగ్గాలందుకోవడానికి అయిదు నెలల ముందు, ఆయన పుట్టిన ఊళ్ళోనే ఇంకొకటి జరిగింది. మార్చి నెలలో నల్లకుంట పోలీసుస్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీమీద పోలీసులు అత్యాచారం చేశారు. కొట్టిన దెబ్బలకు ఆమె భర్త చచ్చిపోయాడు. ఊరు భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. ఆ తర్వాత కోర్టులో వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. హైదరాబాదు మర్చిపోలేదు.

ఒకే ఏడాది, ఒకే ఊరు, ఒకే మతం. పైన ఒకరు, కింద ఒకరు. ఢిల్లీలో సెల్యూట్ అందుకున్న పేరూ మాదే, స్టేషన్లో నలిగిపోయిన పేరూ మాదే. జనరల్ నాలెడ్జ్ పుస్తకం మొదటిదాన్నే అడుగుతుంది. రెండోది మాకు అమ్మమ్మలు చెప్పారు. ఈ రెంటినీ కలిపి చదివితే తప్ప మా చరిత్ర పూర్తికాదు. మేం మా గురించి మాట్లాడబోయినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, 'అదేంటండీ, జాకిర్ హుస్సేన్ లేరా, కలాం లేరా, లతీఫ్ లేరా?' అంటారు. ఉన్నారు. మీకంటే మాకే బాగా తెలుసు. కానీ ఆ పేర్లు మా నోరు మూయించడానికి వేసే తాళాలు కాకూడదు. పెద్దమనుషుల్ని చూపించి పేదవాళ్ళ గోడు వినకపోవడం న్యాయం కాదు.

మరి రెండోవాడు ఎందుకు రాలేదు? తప్పంతా అవతలివాళ్ళమీదకి నెట్టేయం. 2005లో వేసిన సచార్ కమిటీ దేశంలో ముస్లింల లెక్కలు తీసింది. త్రివిధ దళాల లెక్కలు అడిగినప్పుడు పెద్ద గొడవ జరిగింది. సైన్యంలో మతం లెక్కలు తీస్తారా అని గగ్గోలు పెట్టారు. 2006లో నివేదిక ఆ లెక్క లేకుండానే వచ్చింది. మతం చూడకపోవడం మంచిదే. కానీ ఎవరు లోపలికి రాలేకపోతున్నారో కూడా చూడకపోతే తలుపు ఎక్కడ మూసుకుందో ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో మూసుకున్న తలుపులూ ఉన్నాయి. పైలట్ కావాలంటే ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు చదవాలి. పదో తరగతికే మెకానిక్ షెడ్డుకో గాజుల కొట్టుకో పోయే పిల్లాడికి ఫిజిక్సు ఎక్కడిది? 'మనవాళ్ళని తీసుకోరురా, ఎందుకు దండగ' అని దరఖాస్తు కూడా పెట్టనివ్వని పెద్దవాళ్ళు మా ఇళ్ళల్లోనే ఉన్నారు. అనుమానం అటునుంచే కాదు, ఇటునుంచీ ఉంది. అవతలివాడు అనుమానిస్తాడని మమ్మల్ని మేమే ముందుగా కొట్టేసుకుంటున్నాం.

లోపలికి వెళ్ళినవాడికి ఇంకో చిక్కుంది, ఎంతవరకు ముస్లింగా ఉండొచ్చు అని. గడ్డం పెంచుకున్నందుకు ఉద్యోగం పోయిన ఒక వైమానిక దళ ఉద్యోగి కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు దళం వైపే తీర్పు చెప్పింది. సిక్కు మతంలో కేశాలు కత్తిరించడం నిషేధం, ఇస్లాంలో గడ్డానికి అలాంటి నిర్బంధం నిరూపణ కాలేదని దాని సారం. మాలో దీనిమీద రెండు అభిప్రాయాలున్నాయి. క్రమశిక్షణ ముందు గడ్డం ఎంత అనేవాళ్ళున్నారు. సర్దార్జీ తలపాగాకి చోటున్న దళంలో సాయిబు గడ్డానికి చోటెందుకు లేదనేవాళ్ళున్నారు. ఈ వాదన తెగలేదు, తెగినట్టు మేం నటించం. అయితే అర్జన్ సింగ్ తలపాగాతోనే దళాన్ని నడిపారు. పార్సీ ఆస్పీ ఇంజినీర్ నడిపారు, క్రైస్తవుడు లా ఫౌంటెన్ నడిపారు. ఇన్నిరకాల మనుషులు నడిపిన దళం అది. ఆ సంప్రదాయం మీద మాకు నమ్మకముంది కాబట్టే అడుగుతున్నాం.

అమెరికా నల్లవాళ్ళ కథ ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నల్లవాడు యుద్ధానికి పనికిరాడని 1925లో అక్కడి ఆర్మీ వార్ కాలేజీ నివేదిక రాసిపారేసింది. 1941 నుంచి అలబామాలోని టస్కిగీలో దాదాపు వెయ్యిమంది నల్ల పైలట్లు తయారయ్యారు, వాళ్ళలో యుద్ధానికి వెళ్ళినవాళ్ళు యూరప్ ఆకాశంలో పోరాడి ఆ నివేదికను అబద్ధం చేశారు. 1948 జూలైలో ట్రూమన్ సైన్యంలో రంగుభేదం రద్దుచేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అయినా వాళ్ళని పుస్తకాలు మర్చిపోయాయి. 1972లో ఆ పైలట్లే డెట్రాయిట్ లో సంఘం పెట్టుకున్నారు. తమ కథ తామే చెప్పుకున్నారు, పిల్లలకు స్కాలర్‌షిప్పులిచ్చారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతుంటే సంఘం పగ్గాలు యుద్ధం చూడని తర్వాతి తరం అందుకుంది. 2020లో ఒక నల్లవాడు, చార్లెస్ బ్రౌన్, మొదటిసారి అమెరికా వైమానిక దళాధిపతి అయ్యాడు. 2025 జనవరిలో కొత్త రిక్రూట్లకు చెప్పే పాఠాల్లోంచి టస్కిగీ వీడియోలు తీసేశారు. సంఘం గొంతెత్తింది, దేశం గొంతు కలిపింది. కొద్దిరోజుల్లోనే మళ్ళీ పెట్టారు. జ్ఞాపకాన్ని కాపలాకాసేవాళ్ళు లేకపోతే ఆ వీడియోలు పోయి ఉండేవి.

మాకూ అలాంటి సంఘం కావాలా? ముస్లిం సైనికుల సంఘం అని బోర్డు పెడితే మర్నాడు ఏమంటారో మాకు తెలుసు. మేం కూడా మతం పేరుతో సైనికుల్ని విడదీయాలనుకోవడం లేదు. లతీఫ్ సాబ్ జీవితమంతా దానికి వ్యతిరేకంగా నడిచింది. కానీ కథ చెప్పుకునే పని, పిల్లల్ని తయారుచేసే పని అందుకోవడానికి బోర్డు అక్కర్లేదు. మాలో చదువుకున్నవాళ్ళు, రిటైరైన జవాన్లు, ఆఫీసర్లు, టీచర్లు ఆ పగ్గాలు పట్టుకోవచ్చు. మసీదు కమిటీ ఎన్నికలకి పెట్టే ఖర్చులో పావలా వంతు ఇంటర్ లెక్కల ట్యూషన్ కి పెట్టొచ్చు.

హైదరాబాదు శివార్లలో దుండిగల్ ఉంది. వైమానిక దళం అకాడమీ అక్కడే. 1967లో దానికి పునాదిరాయి వేసింది రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్, ఆయన పుట్టింది కూడా హైదరాబాదులోనే. 2016లో దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అక్కణ్ణుంచే బయటికొచ్చారు. వాళ్ళ తర్వాత ఇంకొందరు వచ్చారు. అక్కడ 'మొదటి' అనే మాట ఆగిపోలేదు. తలుపు తెరుచుకుని, తెరుచుకునే ఉంది.

పాతబస్తీ నుంచి దుండిగల్ కి బస్సులో పోవచ్చు. మా పిల్లలకి ఆ దారి తెలియాలి. వాళ్ళు వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఎవరూ వాళ్ళ తాత 1947లో ఏం ఎంచుకున్నాడని అడగకూడదు. లెక్కలొచ్చా, కళ్ళు సరిగా కనిపిస్తాయా, గుండె గట్టిదా అని అడగాలి. అవి చాలు. ఆ జనరల్ నాలెడ్జ్ ప్రశ్నకి ఒక్కటే జవాబున్నంతకాలం మేం దాన్ని పరీక్షల్లో రాస్తూనే ఉంటాం, మార్కు తెచ్చుకుంటూనే ఉంటాం. ఏదో ఒక ఏడాది ఆ ప్రశ్నని పుస్తకంలోంచి తీసేస్తే, అంతమంది వచ్చేశారు కాబట్టి అడగడం దండగ అనుకుని తీసేస్తే, ఆ ఒక్క మార్కు పోయినందుకు మేం బాధపడం.